దివాణం స్తంభాల ఫోటో

పెద్దాపురం దాటాక, దొరల కాలంలో ఎవరో జమీందారు కట్టించిన పాత దివాణం ముందు బస్సు దిగేసరికి చంద్రరావు మేస్త్రి గుండె దడదడలాడుతోంది. నలభై ఏళ్లుగా తాపీ పట్టిన మనిషి, ఫోనుతో ఒక్క ఫోటో తీయడానికి ఇంత భయమా?

భయపడక చస్తాడా! రావులపాలెం దగ్గర అరటితోటల వెంకటరాజుగారు కొత్తిల్లు కట్టిస్తూ, ముందు వరండాకి దివాణానికున్నలాంటి స్తంభాలే కావాలన్నారు. "చిన్నప్పుడు మా నాన్నతో అక్కడ సున్నప్పని చేశానండి. కళ్లు మూసుకుని పోస్తాను" అన్నాడు చంద్రరావు. ఫోటో అక్కర్లేదన్నాడు, కొలతలూ అక్కర్లేదన్నాడు. రేకును గొట్టంలా చుట్టి, కాంక్రీటు పోసి, ఆరు స్తంభాలూ నిలబెట్టేశాడు. రాజుగారు చూసి పెదవి విరిచారు.

"ఇవేంటి మేస్త్రీ, కరెంటు స్తంభాల్లా ఉన్నాయి?"

ఊరంతా నవ్వింది. పగలగొట్టడానికి మర్నాడు పదకొండింటికి కూలీలను రమ్మన్నారు. "దివాణానివీ అచ్చం ఇలాగే ఉంటాయండి. ఫోటో పంపుతాను, చూశాక మాట్లాడండి" అని ఈయన మొదటి బస్సెక్కాడు. అవి కూలితే ఆ చుట్టుపక్కల ఇంకెవరూ తనను పనికి పిలవరు. ఆయన బెంగంతా అదే.

పదిన్నరకు గేటు తోసుకుని లోపలికెళ్లాడు. ఎదురుగా కొబ్బరిచెట్లంత ఎత్తున ఎనిమిది స్తంభాలు. దూరంగా జరిగి, ఫోను నిటారుగా పట్టుకుని మూడుసార్లు తీశాడు. మూడోది కుదిరింది. దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసుకున్నాడు.

స్తంభం మొదలు దగ్గర లావుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడుతోంది. నమ్మలేక బస్సు టిక్కెట్టు అంచును తెర మీద స్తంభం పక్కన తిన్నగా ఆనించాడు. కింద అంచు సరిపోయింది. పైన సందు కనిపించింది. తను పోసినవి మొదలు నుంచి చివరిదాకా ఒకటే లావు.

ఫోను మోగింది.

"మేస్త్రీ, ఫోటో ఏది? కూలోళ్లు వచ్చేశారు" అన్నారు రాజుగారు.

"ఒక్క నిమిషమండి."

ఇంతలో కాపలాదారు అప్పారావు కర్ర ఊపుకుంటూ వచ్చిపడ్డాడు. "ఎవరండీ మీరు? ఇక్కడ ఫోటోలు తియ్యకూడదండి. తీసింది చెరిపెయ్యండి ముందు!"

చంద్రరావుకు ప్రాణం లేచొచ్చింది. దేవుడే పంపినట్టు వచ్చాడీ మహానుభావుడు! ఫోటో తీయనివ్వలేదండీ, కళ్లారా చూశాను, అచ్చం మనవాటిలాగే ఉన్నాయి అంటే సరిపోతుంది. కాదనేవాడెవడు? బొటనవేలు డిలీట్ మీదికి వెళ్లింది.

వెళ్లి, అక్కడే ఆగిపోయింది. రోజూ పనికెళ్లేది ఆ వరండా ముందు నుంచే. ఆ ఆరు గొట్టాలనూ రోజూ చూడాలి. ఎవరికి తెలిసినా తెలియకపోయినా తనకు తెలుసు. సిగ్గుతో ఆయన ఒళ్లు మండిపోయింది.

"చెరిపేస్తానండి, ఒక్క క్షణం" అని ముందు ఫోటో రాజుగారికి పంపాడు. టిక్కులు రెండూ నీలంగా మారేదాకా చూసి, అప్పుడు అప్పారావు కళ్లముందే చెరిపేశాడు.

వెంటనే ఫోను మోగింది.

"మేస్త్రీ, ఇవి మనవాటిలా లేవే!"

"లేవండి. తప్పు నాదేనండి." ఫోను పట్టుకునే బస్టాపు వైపు నడిచాడు. "కూలోళ్లను మాత్రం ఆపండి బాబూ. నేనొచ్చి పగలగొడతాను. నా చేత్తో పోసినవి ఇంకొకరు పగలగొడితే చూడలేనండి."