ఉయ్యాలలో పొత్రం

ఆ వేషం కడతానని వరహాలమ్మ ముందే మాటిచ్చేసింది. కూతురు హరిచందనకు నెల తప్పిందని తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఆ నాటక సమితి గుమ్మం తొక్కేదే కాదు.

మల్కాపురంలో పొద్దున్నే ఇడ్లీలు, పెసరట్లు వేసి అమ్మే ఈ మనిషి, పెళ్లికి ముందు శ్రీకాకుళం పల్లెల్లో పద్య నాటకాలాడేది. గొంతెత్తితే మైకు అక్కర్లేదు. కంచరపాలెంలో సమితి నడిపే తిరుమలరావు చెక్ దేశపు సంగీత నాటకం ఒకదాన్ని తెలుగులోకి తెచ్చి, ఆమెను వెతుక్కుంటూ టిఫిన్ బండి దగ్గరికే వచ్చాడు. అదీ పల్లెటూరి కథే. పెళ్లి కాకుండా తల్లయిన పిల్ల, ఆ పిల్ల పరువు కోసం పసిబిడ్డను నీళ్లపాలు చేసే సవతి తల్లి. మూలకథలో గడ్డకట్టిన ఏటి మంచు కింద దొరికే బిడ్డ, ఇక్కడ చెరువులో గుర్రపుడెక్క తీయిస్తుంటే బయటపడుతుంది. సవతి తల్లి వేషం వరహాలమ్మది.

హరిచందనకు మొదటి కడుపు నిలవలేదు. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి, పురిటికి తల్లి దగ్గరికి వచ్చింది. రిహార్సల్లో బిడ్డను ఎత్తుకునే పాట వచ్చేసరికి వరహాలమ్మ చరణం సగంలో వదిలేసేది.

"ఏటప్పా, అన్నీ బాగా పాడి, అసలు సోట మింగేత్తన్నావు" అనేవాడు హార్మోనిస్టు గవర్రాజు.

"నీకేటి, కూకుని పెట్టె వాయింతావు. సంపేది నాను గదా."

మానేస్తానని తిరుమలరావుతో చెప్పి చూసింది. "నువ్వు మానేత్తే నాటకమే లేదప్పా" అన్నాడాయన. మర్నాడు మళ్లీ రిహార్సల్‌కు వెళ్లింది.

ప్రదర్శన నాడు అల్లుడికి స్టీలు ప్లాంటులో సాయంత్రం షిఫ్టు. కూతుర్ని ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకొచ్చింది.

"మేకప్ గదిలోంచి కదిలేవంటే సూడు. ఆ సీను నీ కంట పడకూడదు."

"నువ్వు సంపీది గుడ్డల మూటనమ్మా" అని నవ్వింది హరిచందన.

ఇన్నాళ్లూ రిహార్సల్లో ఉయ్యాల లేదు, కుర్చీ మీద మూట పెట్టుకుని నడిపించారు. ఆ రోజే సప్లయి కంపెనీ నుంచి చెక్క ఉయ్యాల వచ్చింది. స్టేజీ మీద ఎవరో తాళ్లు గట్టివో కావో చూడ్డానికి దాన్ని ఊపుతున్నారు. ఖాళీ ఉయ్యాల. అలా ఊపితే బిడ్డకు కీడంటారు. వరహాలమ్మ పరుగున వెళ్లి రెండు చేతులా ఆపేసింది.

ఇలాంటిదేదో జరుగుతుందనే సంచిలో ఇంటి రుబ్బురోలు పొత్రం తెచ్చుకుంది. హరిచందన బారసాలకు బిడ్డకంటే ముందు ఉయ్యాలలో పడుకోబెట్టింది ఆ రాయినే, బిడ్డ రాయిలా బతకాలని. దానికి పసుపు రాసి, గుడ్డల మధ్య పెట్టి మూట కట్టి, ఉయ్యాలలో వేసింది. ఊపిరి కుదుటపడింది.

రెండో అంకంలో మూట ఎత్తబోయేదాకా తట్టలేదు ఆమెకు. చేతుల్లోకి బరువు వచ్చింది. పసిబిడ్డంత బరువు. తన కూతురి ఉయ్యాలలో మొదట పడుకున్న రాయిని తనే చెరువుకు మోసుకుపోతోంది. కాపాడ్డానికి తెచ్చినదాన్నే ముంచబోతోంది.

పాట ఆగకూడదు. పాడుతూనే, తూలుతూ, తెర పక్కకు నడిచింది. అక్కడ నీళ్ల గంగాళం ముందు, ఆ చరణానికి వాయిద్యం లేదని పెట్టె వదిలి వచ్చిన గవర్రాజు చేతులు చాచి నిలబడ్డాడు. మూట అందులో వేస్తే ఆ చప్పుడు హాలంతా వినిపించాలి.

"ఇలాగియ్యప్పా, జనం సూత్తన్నారు."

వరహాలమ్మ మూటను గుండెకు అదుముకుంది. వేళ్లు విడివడలేదు. అతని వెనక, మేకప్ గది తలుపు దగ్గర స్టూలు మీద హరిచందన కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో. తల్లి మొహం చూసి నవ్వు మానేసి, రెండు చేతులూ చాపింది.

వరహాలమ్మ వంగి మూటను కూతురి ఒళ్లో పెట్టింది.

గవర్రాజు అటూ ఇటూ చూసి, నాటకం ముగిశాక కొట్టాలని ఉంచిన కొబ్బరికాయ తీసి గంగాళంలో వదిలాడు. కొబ్బరికాయేనని కళ్లారా చూసి కూడా, ఆ చప్పుడుకు వరహాలమ్మ గంగాళంలోకి తొంగి చూసింది. వట్టి చేతులతో స్టేజీ మీదికి తిరిగి వెళ్లింది. నీ బిడ్డ జ్వరంతో పోయిందమ్మా అని సవతి కూతురికి అబద్ధం చెప్పే పాట. పాడినంతసేపూ ఆమె కళ్లు తెర పక్కనే ఉన్నాయి.

నాటకం అయ్యాక తిరుమలరావు దండ పట్టుకొచ్చాడు. ఆమె ఆ దండ వైపు చూడనైనా చూడకుండా కూతురి దగ్గరికి వెళ్లింది.

"ఎలాగుందే?"

"ఆ కాయ పడగానే లోపల ఓ తన్ను తన్నేడమ్మా."

"మళ్లీ తన్నేడా?"

హరిచందన కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఏదో వింటున్నట్టు తల వంచుకుని కూర్చుంది.

షేర్ ఆటోలో పొత్రం కూతురి ఒళ్లోనే ఉంది. దాని పక్కన, కూతురి పొట్ట మీద, వరహాలమ్మ అరచెయ్యి పెట్టింది. గతుకు వచ్చిన ప్రతిసారీ ఉలిక్కిపడి, అది ఆటో కుదుపా, లోపలి కదలికా తేల్చుకోలేక మళ్లీ ఒత్తి చూసింది. మల్కాపురం వచ్చిందని డ్రైవర్ పిలిచినా చెయ్యి తీయలేదు.

"ఉండు బాబూ" అంది. "ఒక్క నిమిషం ఆపు, ఇంజిను కూడా ఆపీ."

డ్రైవర్ ఇంజిను ఆపాడు. ఆటో అదరడం మానేసింది. ఆమె చేతి కింద మాత్రం, నెమ్మదిగా, ఏదో ఒత్తిగిల్లింది.