గిన్నె కింద పెట్టె

మా నడవలో ఉన్న వైఫై పెట్టె లైటును నేను వెలగనివ్వను. వెలిగితే మా పెద్దమ్మ గుర్తొస్తుంది.

మా పాపను చూసుకోవడానికి ఆమెను బిజినేపల్లి నుంచి వనపర్తికి తెచ్చుకున్నాం. దేని మీదైనా గిన్నె బోర్లించడం ఆమె అలవాటు. పాల మీద, పూల మీద, ఆఖరికి పాప బొమ్మ మీద కూడా.

మాది రాతిగోడల ఇల్లు. నేను పనిచేసుకునే వెనక గదికి వైఫై సిగ్నల్ అందక, ఒకదాన్నుంచి ఒకటి సిగ్నల్ అందుకునే రెండు పెట్టెల మెష్ సెట్టు కొన్నాం. ఒకటి ముందు గదిలో, ఒకటి నడవలో పెట్టాం. అయినా మధ్యాహ్నమయ్యేసరికి నా ఆఫీసు మీటింగులు తెగిపోయేవి. ఇది లాభం లేదని ఇంకా పెద్ద సెట్టు తెప్పించాం. అదీ అంతే.

ఒకరోజు మీటింగు మధ్యలో విసుగ్గా లేచి నడవలోకి వస్తే, కొత్త పెట్టె మీద స్టీలు గిన్నె బోర్లించి ఉంది.

"ఇదేంది పెద్దమ్మా?"

"పొద్దుగాలకెల్లి మిణుకు మిణుకుమంటనే ఉంది బిడ్డా, పాపం. ఎంతసేపని పనిచేస్తది? జరసేపు పండుకోనియ్యరాదు."

నవ్వాపుకుంటూ గిన్నె తీసేసి, ఫోన్‌లోంచి పెట్టె లైటు మాత్రం ఆర్పేశాను. వైఫై నడుస్తూనే ఉంది. పెద్దమ్మకు అది తెలియదు.

"నీది మంచి మనసు బిడ్డా. చెప్పంగనే పండుకోనిచ్చినవ్," అని మురిసిపోయి, పాపను చంకనేసుకుని, ఆ గిన్నెతోనే అంట్ల దగ్గరికి పోయింది.

నేను మళ్ళీ మీటింగులో కూర్చున్నాను. పొద్దుటి నుంచి నడుం వాల్చని ఆమె గిన్నెలు తోమే చప్పుడు అవతలివాళ్ళకు వినబడకుండా మైకు మ్యూట్ చేసుకున్నాను.