కనకం తవుడు ముట్టని మధ్యాహ్నం

మొన్న రాజమండ్రిలో ఏడాదికోసారి చేయించుకునే పరీక్షలకి వెళ్తే, డాక్టరమ్మ నా వీపు మీద స్టెతస్కోపు ఆనించి, కాసేపు విని, "మీకేంటండీ, గుండె గుర్రంలా ఉంది" అంది. మెచ్చుకోలుగానే అంది పాపం. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. నేను కదిలిపోతుంటే స్టెతస్కోపు జారి, ఆవిడ మళ్లీ మొదటినుంచీ వినాల్సి వచ్చింది. తీరిగ్గా నిలబడ్డ గుర్రం గుండె మన గుండెలో సగం వేగంతోనే కొట్టుకుంటుందనీ, నా గుండె నిజంగా గుర్రంలా ఉంటే తను నన్ను అప్పటికప్పుడు మంచమెక్కించి ఉండేదనీ ఎలా చెప్పను? చెబితే అదెలా తెలుసని అడుగుతుంది. అడిగితే మా మేనత్త గురించి చెప్పాలి. ఆవిడ గురించి మొదలుపెడితే బయట వరసలో కూర్చున్నవాళ్లు ఊరుకోరు. అంచేత అక్కడ మింగేసింది ఇక్కడ చెబుతున్నాను.

మా నాన్నగారి చెల్లెల్ని కడియం ఇచ్చారు. అత్తయ్యావాళ్లకి అక్కడ పెద్ద నర్సరీ. మావయ్య నోట్లోంచి మాట రావడం కష్టంగానీ, ఆయన చేత్తో అంటు కడితే ఎండుపుల్ల కూడా చిగురేసేది. మిగతా వ్యవహారమంతా అత్తయ్యదే. పొద్దున్నే కూలీల దగ్గరికి, అక్కణ్ణించి లోడింగు దగ్గరికి, అక్కణ్ణించి కాలవ అవతలి చేను దగ్గరికి తిరగాలి. వానాకాలంలో ఆ నల్లమట్టిలో మోపెడ్ చక్రం దిగబడితే తీయడానికి నలుగురు మనుషులు కావాలి. ఒకసారి మొక్కలు వేసుకుని గుజరాత్ వెళ్లబోతున్న లారీ డ్రైవరుని పిలిచి, "వచ్చేటప్పుడు బండి ఖాళీగా ఎందుకయ్యా, ఓ గుర్రాన్ని ఎక్కించుకురా" అంది. అందరూ హాస్యమనుకున్నారు. డ్రైవరు అనుకోలేదు. పదిహేను రోజుల తర్వాత కొబ్బరిపీచు గోతాల మధ్య నిలబడి ఓ ఆడగుర్రం కడియంలో దిగింది. ఎర్రటి ఒళ్లు, సన్నటి కాళ్లు, కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకే చెవులు. రంగు చూసి అత్తయ్య కనకాంబరం అని పేరు పెట్టింది. పిలుపుకి కనకం. దానికి బెల్లమంటే ప్రాణం. తన బకెట్టు జోలికి ఎవరొచ్చినా, అది మనిషైనా గుర్రమైనా, చెవులు వెనక్కి వాల్చి పళ్లు చూపించేది.

మరి రెండేళ్లలో ఇంకో రెండు గుర్రాలు అదే దారిన వచ్చాయి. మా బావది, అంటే అత్తయ్య కొడుకుది, గన్నేరు. పేరుకి తగ్గట్టే కాస్త విషం. నేను శని, ఆదివారాలు కాలేజీ లేనప్పుడు రాజమండ్రి నుంచి బస్సెక్కి వెళ్లి ఎక్కేది ముద్దబంతి. దాని పొట్ట చూసినవాళ్లెవరూ ఆ పేరు ఎందుకొచ్చిందని అడగలేదు. అత్తయ్య గుర్రం ఎక్కేటప్పుడు మావయ్య పాత ప్యాంటు, పైన మోకాళ్లదాకా చొక్కా, తలకి తువ్వాలు. మొదట్లో ఊళ్లో వాళ్లు ఆగి చూసేవారు. నెల తిరక్కుండానే, "అమ్మగారు వచ్చేశారా, గుర్రం కనపడలేదే?" అని అడగడం మొదలుపెట్టారు. మావయ్య మాత్రం ఏ గుర్రానికీ బారెడు దూరంలోపలికి వచ్చేవాడు కాడు.

తొంభైల చివర్లో, నా డిగ్రీ ఆఖరి సంవత్సరంలో, ఓ రైడింగ్ క్లబ్బు వాళ్లు ప్రాంతాలవారీగా జట్ల పోటీ పెడుతున్నారని తెలిసింది. సీమ జట్టు, ఉత్తరాంధ్ర జట్టు, కృష్ణా జట్టు వస్తున్నాయి. గోదావరి వైపు నుంచి ఎవరూ లేరు. గోదావరి వాళ్లకి గుర్రాలేంటి, పడవలు నడుపుకుంటారుగానీ అని ఎవరో అన్నారట. ఆ మాట ఎవరన్నారో తెలీదు, అసలు అన్నారో లేదో కూడా తెలీదు. మా బావ మోసుకొచ్చాడు. అంతే, అత్తయ్య మా ముగ్గురి పేర్లూ ఇచ్చేసింది.

ఇది మైదానంలో దుమ్ము రేపి పరిగెత్తే పందెం కాదు. దూరం పోటీ. సామర్లకోట దగ్గర ఓ మామిడితోటలో మకాం. అక్కణ్ణించి కాలవగట్ల మీదుగా, చెరుకుతోటల మధ్యగా చుట్టి మళ్లీ తోటకి రావాలి. అలాంటివి మూడు చుట్లు. ప్రతి చుట్టు తర్వాతా పశువుల డాక్టరు గుర్రం గుండె వింటారు, నడిపించి కాళ్లు చూస్తారు. ఇచ్చిన గడువులో గుండె నెమ్మదించకపోయినా, కాలు కుంటినా ఆ గుర్రం ఇంటికే. ముగ్గురి సమయమూ కలిపి జట్టు లెక్క. ఒక్క గుర్రం ఆగిపోతే జట్టే లేదు.

అత్తయ్య మాకు పెట్టిన నియమం ఒక్కటే. "కబుర్లు చెప్పుకుంటూ నడపండి. మాట్లాడలేక మీకు ఆయాసం వస్తుంటే, మిమ్మల్ని మోసేదానికి రాదా?" అంది. అందుకని మొదటి చుట్టంతా మేం ముగ్గురం గుత్తివంకాయ కూరలో కొబ్బరి వెయ్యాలా వద్దా అని వాదించుకుంటూ వెళ్లాం. సీమ జట్టు వాళ్లు మమ్మల్ని దాటిపోతూ విచిత్రంగా చూశారు. వాళ్ల నాయకుడు పెద్ద మీసాల పెద్దాయన. వెళ్తూ వెళ్తూ, "కొబ్బరి వద్దమ్మా, వేరుశనగపప్పు వెయ్యి!" అని అరిచి మరీ వెళ్లాడు.

రెండో చుట్టులో మా రోజు వచ్చింది. తూము దగ్గర నీళ్లు పొర్లి గట్టు మీద చాలా మేర జిగట బురదైంది. రాతినేల మీద పెరిగిన సీమ గుర్రాలు అక్కడ అడుగు తీసి అడుగు వెయ్యడానికి భయపడ్డాయి. మా మూడూ అలాంటి బురదలోనే పెరిగాయి. ముద్దబంతి అయితే పుట్టింటికి వచ్చినంత సంబరంగా చప్పచప్పమని నడిచేసింది. తోటకి చేరేసరికి అందరికంటే మేమే ముందున్నాం, అదీ బాగా ముందు. డాక్టరుగారు మూడు గుర్రాల గుండెలూ విన్నారు, మూడూ పాసన్నారు. బావ నన్ను చూసి బొటనవేలు పైకెత్తాడు. కాలేజీలో నేను ఎవరెవరికి ఎలా చెప్పాలో మనసులో అప్పుడే రాసేసుకున్నాను.

మూడో చుట్టుకి ముందు గుర్రాలకి కాస్త విశ్రాంతి. మావయ్య బెల్లం నీళ్లతో తడిపిన తవుడు బకెట్లు మూడు తెచ్చి, దూరంగా పెట్టి, కర్రతో ముందుకి తోశాడు. గన్నేరు తింది. ముద్దబంతి తనది ఊడ్చేసి, అలవాటుగా కనకం బకెట్లో మూతి పెట్టింది. కనకం ఊరుకుంది. చెవులు వాల్చలేదు, పళ్లు చూపించలేదు. పక్కకి జరిగి చోటిచ్చింది కూడా. నాకు ముచ్చటేసింది, పోనీలే, ఇవాళైనా స్నేహంగా ఉన్నాయని. అత్తయ్య మాత్రం తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది. వెళ్లి కనకం మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. చాలాసేపు అలాగే ఉండి, డాక్టరుగారిని మళ్లీ పిలిపించింది.

ఆయన విసుక్కోకుండా వచ్చారు. మంచి డాక్టరు. గుండె విన్నారు, కడుపు రెండువైపులా విన్నారు, చిగుళ్లు చూశారు, నాలుగు కాళ్లూ తడిమారు. "నాకైతే ఏ లోపం కనపడ్డంలేదండీ. వెళ్లొచ్చు" అన్నారు.

"ఏం బాలేదో నాకూ తెలీదండీ డాక్టరుగారూ. కానీ ఇది మా కనకంలా లేదు" అంది అత్తయ్య.

"అమ్మా, ఏంటిది? డాక్టరుగారే బాగుందంటుంటే!" బావ జీను వదిలేసి అడ్డొచ్చాడు. "ఒక్క చుట్టు! నడిపించుకుంటూ వెళ్లినా గెలుస్తాం."

"గెలుస్తాంరా. కానీ కనకాన్ని చూస్తున్నాగా, అది ఒప్పుకోవట్లేదు."

"అది నోరు తెరిచి చెప్పిందా నీకు?"

"అది చెప్పేదాకా ఆగితే నేనెందుకు?" అని, చొక్కాకి కట్టిన నంబరు బట్ట విప్పి, మడతపెట్టి, నిర్వాహకుల బల్ల మీద పెట్టేసింది. ఆవిడ మొహంలో బాధ లేదని అనను. తటపటాయింపు మాత్రం లేదు. బజారులో చీర నచ్చక తిరిగి ఇచ్చేసేటప్పుడు కూడా ఆవిడ అలాగే ఉండేది. దుకాణంవాడు ఎన్ని చెప్పినా నవ్వుతూ వింటుందిగానీ చీర మాత్రం తీసుకోదు.

నాకు ఏడుపొచ్చింది. బావ జీను విప్పబోయాడు. అత్తయ్య అతని చెయ్యి పట్టుకుంది. "జట్టు లేకపోతేనేం, మీ గుర్రాలు బాగున్నాయిగా. మీరిద్దరూ పూర్తి చేసి రండి. సగంలో మానేయడం వాటికి అలవాటు చెయ్యకండి" అంది. ఏ లెక్కలోకీ రాని ఆ మూడో చుట్టు మేమిద్దరం వెళ్లాం. కబుర్లు లేవు. చెరుకు బళ్లు ఎదురొచ్చినప్పుడు పక్కకి తప్పుకోవడం, మళ్లీ నడవడం. లాకుల దగ్గర బావ ఒక్కసారి నోరు తెరిచి, "అమ్మ పొరపాటు పడింది" అన్నాడు. "పడిందేమో" అన్నాను. ఇంకాస్త దూరం పోయాక, "కానీ బల్ల దగ్గరికి నడుస్తుంటే చూశావా? వెనక్కి కూడా తిరిగి చూళ్లేదు" అన్నాడు. ఆ గొంతులో కోపం ఎంతో, గర్వం ఎంతో నేను విడదీయలేకపోయాను. కప్పు సీమ జట్టుకి వెళ్లింది. మీసాల పెద్దాయన వచ్చి అత్తయ్యకి నమస్కారం పెట్టి, ఏమీ అడగకుండా, కనకం మెడ నిమిరి వెళ్లాడు. అత్తయ్య ఆయన లారీలో అరడజను మామిడి అంట్లు పెట్టించింది.

మర్నాడు కడియంలో పొద్దున్నే అరుపులు విని పరిగెత్తాం. కనకం తన తవుడు తినేసి, ముద్దబంతి తవుడు తినేసి, ఆ దగ్గర్లో పొరపాటున నిలబడ్డ మావయ్య భుజం మీది కండువా పీకి నములుతోంది. నిన్నటి డీలాతనం మచ్చుకైనా లేదు.

"చూశావా?" అన్నాడు బావ, రాత్రంతా దాచుకున్న మాటలా.

"చూశాను. ఆపాను కాబట్టి బాగుంది."

"ఆపకపోయినా బాగుండేది."

ఇంకెవరైనా అయితే తమదే ఒప్పని దెబ్బలాడి ఉండేవారు. అత్తయ్య కనకం నోట్లోంచి కండువా లాగుతూ, "అదీ కావచ్చురా" అని నవ్వేసింది. అంత పెద్ద నిర్ణయం తీసుకుని, అది తప్పై ఉండొచ్చని ఒప్పుకుని, అయినా నిశ్చింతగా కాఫీ తాగగలిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ మరుసటి ఏడు పోటీ సీమలో పెట్టారు. అంతా రాయి, ఎండ. మా గుర్రాల గిట్టలు మెత్తటి మట్టికి అలవాటుపడ్డవని అత్తయ్య ఏడాదంతా వాటికి నాడాలు వేయించి, కొత్తగా వేస్తున్న కంకర రోడ్డు మీద రోజూ నడిపించింది. రోడ్డు మేస్త్రీ మాకు చుట్టమైపోయాడు. ఈసారి మూడు చుట్లూ కనకమే ముందు నడిచింది. ప్రతి విశ్రాంతిలోనూ ముద్దబంతిని బకెట్టు దగ్గరికి రానివ్వకుండా తరిమికొట్టింది. ఆ దెబ్బలాట చూస్తే మా ముగ్గురికీ పండగే. మూడో చుట్టు ముగించి మేం ముగ్గురం పక్కపక్కన తోరణం కిందికి వచ్చేసరికి, మీసాల పెద్దాయన జట్టు ఇంకా కొండ మలుపు దగ్గరే ఉంది. కప్పు అందుకున్నాక అత్తయ్య అన్నది ఒక్కటే మాట: "ఇంక ఇంటికెళ్దాం, గులాబీలకి మందు కొట్టాలి."

కనకం చాలా ఏళ్లు బతికి, ముసలిదై, నర్సరీలోనే కాలం చేసింది. ఆ బావనే నేను పెళ్లి చేసుకున్నాను. అత్తయ్య ఇప్పుడు గుర్రం ఎక్కదుగానీ, లోడింగు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే లారీలు ఇప్పటికీ సర్దుకుని నిలబడతాయి. హాల్లో అద్దాల బీరువాలో ఆ కప్పు ఉంది. చుట్టాలెవరైనా వచ్చి దాన్ని మెచ్చుకుంటే మా ఆయన వెంటనే, "దాని పక్కన ఇంకోటి ఉండాలండీ. మా అమ్మ వదిలేసింది" అని మొదలుపెడతాడు. నేను అత్తయ్య వైపు వాదిస్తాను. ఒక్కోరోజు విసుగొచ్చి ఇద్దరం పక్షాలు మార్చుకుంటాం కూడా. అత్తయ్య మజ్జిగన్నం తింటూ ఎవరి వైపూ మాట్లాడదు. అన్నిటికీ కాలమే జవాబు చెబుతుందంటారు. ఈ ఒక్కదానికి మాత్రం అది ఇంతవరకూ చెప్పలేదు, చెప్పేసి ఉంటే ఇన్నేళ్లూ మా ఇంట్లో భోజనాలు ఇంత సందడిగా జరిగేవా?