సార్ సాకిన మాటలు

మొన్న పొద్దున మా ఇంగ్లీషు సార్ పోయారు. కబురు వచ్చేసరికి నేను కల్లంలో ఉడికిన పసుపు ఆరబోస్తున్నాను. చేతులు కూడా కడుక్కోకుండా పెర్కిట్‌లోని వాళ్లింటికి పరుగెత్తాను. ఆ చేతులు చూస్తే ఆయన తప్పకుండా నవ్వేవారు.

ఆర్మూర్‌లో ఆయన దగ్గర పదో తరగతి చదివిన వాళ్లకు ఒక ఆచారం ఉంది. బడి తెరిచిన మొదటి రోజు, పాతకాలపు ఇంగ్లీషు పుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా కనబడని మాటలను చీటీల మీద రాసి తలా ఒకటి పంచేవారు. "ఇంగ్లీషోళ్లు గీ మాటల్ని ఇడిచిపెట్టిండ్రు. ఇగ మీరే సాకాలె," అనేవారు. నాకు వచ్చింది 'ఓవర్‌మారో'. అంటే ఎల్లుండి. "మనకు ఎల్లుండి ఉన్నది, మొన్న ఉన్నది. పాపం, వాళ్లు రెండూ పోగొట్టుకున్నరు," అని ఆయన తెగ జాలిపడేవారు.

పరీక్షలో లీవ్ లెటర్ రాయమంటే, ఓవర్‌మారో బడికి వస్తానని రాశాను. పేపరు దిద్దిన మేడం ఎర్ర సిరాతో చుట్టేశారు. సార్ నన్ను వెంటబెట్టుకుని స్టాఫ్‌రూముకు వెళ్లారు. "పిల్ల తప్పు రాయలే మేడం. మాట జర ముసల్ది, గంతే," అన్నారు. ఆవిడ నవ్వారు గానీ మార్కు మాత్రం వెయ్యలేదు.

ఆ తర్వాత ఇన్నేళ్లూ, పసుపు యార్డులో కలిసినా బస్సులో కలిసినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే. "నీ మాట మంచిగున్నదా బిడ్డా?" అక్కడికక్కడే దానితో ఒక వాక్యం చెప్పాలి. హమాలీలు వింతగా చూసేవారు. నాకు సిగ్గేసేది, చెప్పలేనంత సంతోషంగానూ ఉండేది.

పోయిన నెల చూడబోతే మంచం మీద ఉన్నారు. తనకోసం ఆయన ఉంచుకున్న మాట 'ఎర్‌యెస్టర్‌డే', అంటే మొన్న.

"అన్నీ పంచిన. నాదొక్కటే మిగిలింది. ఎవలు సాకుతరోనని ఫికరైతున్నది. నువ్వు తీస్కో."

తీసుకుంటే ఆయన వెళ్లిపోతారేమోనని భయమేసింది. "మీరే ఉంచుకోన్రి సార్, నాకు ఒక్కటే బరువైతున్నది," అని నవ్వి తప్పించుకున్నాను. రెండు రోజులుగా అదే నన్ను తొలిచేస్తోంది.

ఇవాళ పాత విద్యార్థులమంతా వాళ్ల వాకిట్లో కూర్చున్నాం. డిచ్‌పల్లి నుంచి ఆలస్యంగా వచ్చిన ముసలి చుట్టం ఒకాయన సార్ భార్యను అడిగాడు.

"ఎప్పుడు పోయిండు చెల్లె?"

బడి మొహం చూడని ఆ అమ్మ, సార్ కళ్లద్దాలు కొంగుతో తుడుస్తూ అంది.

"ఎర్‌యెస్టర్‌డే."

ముసలాయన బిత్తరపోయాడు. మేమంతా ఏడుస్తూనే గొల్లున నవ్వాం. అమ్మ నావైపు తిరిగింది.

"సక్కగన్ననా బిడ్డా?"

తలూపాను. ఆమె కళ్లద్దాలను వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ తుడవసాగింది.