తల అతికించని ఎద్దు

మా బాబాయి పోయారని అమలాపురం ఆసుపత్రి నుంచి తమ్ముడు ఫోను చేసినప్పుడు నేను విష్ణు సహస్రనామం చదువుకుంటున్నాను. ఎక్కడ ఆపానో గుర్తులేదు. ఆ రోజు నుంచి మైల. దీపం లేదు, పూజ లేదు. నోరు ఊరుకున్నా చేతులు ఊరుకోలేదు. పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి మైదా డబ్బా మూత తీయడం, మళ్ళీ పెట్టేయడం.

ఆ మైదా ఆయన జిగురు కోసం.

బాబాయి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రాజోలు నుంచి సఖినేటిపల్లి రేవుకి పోయే దారిలో మా ఇల్లు. వీధి అరుగు గోడకి ఆయన ఒక ప్లైవుడ్ చెక్క తగిలించారు. ప్రతి ఆదివారం దాని మీద కొత్త బొమ్మ. రంగులతో వేసింది కాదు, కత్తిరించి అతికించింది. పాత కేలండర్లు, పాల ప్యాకెట్లు, విత్తనాల సంచులు, శుభలేఖల మీది బంగారు కాగితం. ఆ వారం పేపర్లో ఏ వార్త ఆయన్ని నిద్రపోనివ్వలేదో అది జంతువై గోడెక్కేది. మనిషి మొహం మాత్రం ఎప్పుడూ అతికించలేదు.

"మొహం పెడితే ఏ పార్టీ అని అడుగుతారమ్మడూ. జంతువుని పెడితే కాసేపు ఆగి చూస్తారు," అనేవారు.

జిగురు కాయడం నా వంతు. మైదా నీళ్ళలో కలిపి, సన్నని మంట మీద గరిటె ఆపకుండా తిప్పాలి. దింపే ముందు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. అది విషం కదా, జిగురుకి గిన్నె వేరు, గరిటె వేరు.

గోదారి లంకల్లోకి వచ్చిన ఏడు, పెంకుటింటి కొప్పు మీద ఒక కుక్కని అతికించారు. చుట్టూ నీళ్ళు. కుక్క తోక మాత్రం పైకి లేచి ఉంది. పాలు పోసే ఆవిడ క్యాను దింపి చాలాసేపు చూసింది.

"పడవొస్తందనుకుంటందండి పాపం," అంది.

ఎన్నికలొచ్చినప్పుడు కొంగల్ని పెట్టారు. ఒంటికాలి మీద, కళ్ళు మూసుకుని, వరసగా.

"మాస్టారూ, ఈ కొంగలెవరండీ?" అని ఎరువుల కొట్టాయన బండి దిగకుండానే అడిగారు.

"ఎవరనిపిస్తే వాళ్ళేనండి."

"ఆయ్! అయితే మా బావగారేనండి. నామినేషన్ వేసిన కాణ్ణించీ గేదెక్కూడా దణ్ణం పెడుతున్నారు."

నాకు నచ్చలేదు. "జపం చేసుకునేవాళ్ళు మీకు కొంగల్లా కనబడతారా బాబాయ్?" అన్నాను.

"నువ్వు కళ్ళు మూసుకుంటే నిజంగానే మూసుకుంటావు కదమ్మా," అని కత్తెర అందుకున్నారు.

ఈ వేసవిలో మా బోరు నీళ్ళు ఉప్పెక్కాయి. చుట్టూ రొయ్యల చెరువులు. మధ్యలో మిగిలింది కాలవ గట్టున మా చేను ఒక్కటే. దాన్నీ చెరువు తవ్విస్తానన్నాడు తమ్ముడు. వాడి మాటా తీసేసేది కాదు. వరి కంకి వేస్తోంది గానీ గింజ కట్టడం లేదు.

ఆ ఆదివారం చెక్క నిండా పెద్ద రొయ్య. బట్టల కొట్టు సంచుల్లో ఉన్న ఎరుపంతా దానికే పోయింది. దాని మీసాల మధ్య ఇరుక్కుని ఒక ఎద్దు. ఎద్దు మెడలో బంగారు కాగితంతో పిడికిలంత గంట. అంత గంట ఈ చుట్టుపక్కల మా నాన్నగారి ఎద్దుకి తప్ప ఇంకెవరి ఎద్దుకీ ఉండేది కాదు.

తమ్ముడు వీధిలోనే నిలబడి అరిచాడు. "మా పరువు తీసికెళ్ళి గోడకి కొట్టేరు కదండీ బాబాయ్!"

"ఎవరి మొహవైనా పెట్టేనేంట్రా?"

"ఆ గంటెవరిదో రాజోలు బస్టాండులో అడిగినా చెప్తారండి!"

బాబాయి లేచి చెక్క దింపేశారు. వారం తిరక్కుండా ఆయన అలా దింపడం నేను చూసింది అదొక్కసారే. "గంట కూడా మొహమేనమ్మడూ. తెలీలేదు," అన్నారు.

తమ్ముడు వీధి గుమ్మంలోంచి రావడం మానేశాడు. నాతో పనుంటే పెరటి తలుపు కొట్టేవాడు.

బాబాయి చెక్క మళ్ళీ గోడకి తగిలించి కొత్త బొమ్మ మొదలుపెట్టారు. ఈసారి గంట లేదు. ఒక పక్క విత్తనాల సంచి పచ్చన, చేను. ఒక పక్క పాల ప్యాకెట్ల నీలం, చెరువు. మధ్యలో ఎద్దు. కాళ్ళు అతికించారు, ఒళ్ళు అతికించారు. తల కత్తిరించి సాసరులో పెట్టారు.

"ఎటు చూడాలంటావమ్మడూ? చేను వైపా, చెరువు వైపా?"

"మీ ఇష్టం బాబాయ్."

"నా ఇష్టం ఓసారి అతికించేను కదా. ఈసారి వాడొచ్చి చెప్పాలి."

వాడు రాలేదు. బాబాయికి గుండెల్లో నొప్పి వచ్చిన రోజు మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చాడు, వీధి గుమ్మంలోంచే. అమలాపురం దాకా కారులో ఆయన తల వాడి ఒళ్ళోనే ఉంది. దారిలో ఏమైనా మాట్లాడుకున్నారా అని నేను అడగలేదు.

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. మర్నాడు చేలోకి మట్టి తవ్వే యంత్రం రావాలి. తమ్ముడు అరుగు మీద చెక్క ముందు నిలబడ్డాడు. సాసరులోంచి తల తీసి ఎద్దు మెడ దగ్గర ఇటు పెట్టి చూశాడు. అటు పెట్టి చూశాడు.

"అక్కా, జిగురుందా?"

"కాస్తానుండు."

నేను గిన్నెతో వచ్చేసరికి అరుగు మీద లేడు. సాసరులో తలా లేదు.

యంత్రం వచ్చింది. కాలవ గట్టున నిలబడి ఉంది. ఇంకా తట్టెడు మట్టి తీయలేదు. డ్రైవరు దాని నీడలో పడుకుంటున్నాడట. తమ్ముడు రోజూ గట్టు దాకా వెళ్ళి తిరిగొస్తున్నాడు.

నేను దీపం పెడుతున్నాను. సహస్రనామం చదువుతున్నాను గానీ చెవి వీధి గుమ్మం వైపే ఉంటోంది. పూజ అవగానే కాస్త జిగురు కాస్తున్నాను. సాయంత్రానికి మీగడ కట్టి బిగిసిపోతోంది. పొద్దున్నే పారబోసి మళ్ళీ కాస్తున్నాను.

రేవుకి వెళ్ళేవాళ్ళు గోడ దగ్గర ఆగుతున్నారు.

"ఎద్దుకి తల లేదేంటండీ?"

"మా తమ్ముడి జేబులో ఉందండి," అంటున్నాను.