మేజిస్ట్రేటు గారి హోటలు

ప్రెస్సు మూతపడి చాలా ఏళ్ళయినా అతన్ని అందరూ ఇంకా కంపోజిటర్ అనే పిలుస్తారు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, తిరగేసి పేర్చి, పేజీ కట్టే పని అది. ఆ పనీ పోయింది, ఆ అక్షరాలూ తూకానికి పోయాయి, పిలుపు మాత్రం మిగిలింది. సాయంత్రం నడకకని బయల్దేరితే కాళ్ళు వాటంతటవే పాత ప్రెస్సు వీధికి లాక్కుపోతాయి. ఆ మలుపులో ఇప్పుడు అద్దాల తలుపుల హోటలుంది. తలుపు తీసే మనిషి నవ్వుతూ, "ఎంతమందండీ?" అని అడుగుతాడు. పాపం, మర్యాదగానే అడుగుతాడు. కంపోజిటర్‌కే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ గుమ్మంలో అడగవలసిన ప్రశ్న అది కాదు.

అక్కడ ఒకప్పుడు ఎత్తుపీట వేసుకుని మేజిస్ట్రేటు గారు కూర్చునేవారు. ఆయన హోటలు యజమాని. కోర్టు గడప తొక్కిన పాపాన పోలేదు. భోజనానికి వచ్చిన ప్రతి మనిషినీ గుమ్మంలో నిలబెట్టి విచారణ జరిపేవారు కాబట్టి ఊరే ఆయనకు ఆ పదవి కట్టబెట్టింది. మొదటి ప్రశ్న ఎవరికైనా ఒకటే: "ఇంట్లో వండలేదా?"

వండారంటే ఇక లోపలికి ప్రవేశం లేదు. ఇంట్లో గిన్నె మీద మూతపెట్టి మనిషి ఎదురుచూస్తుంటే ఇక్కడ నీకేం పనయ్యా అని వీధిలోకి తరిమేవారు. ఒంటరివాళ్ళు, ఊరుకాని ఊరు వచ్చినవాళ్ళు, ఇంట్లోవాళ్ళకి ఒంట్లో బాగోలేనివాళ్ళు, వీళ్ళకైతే అడిగినంత కూర, అడగనంత అన్నం. భార్యాభర్తలు జంటగా వస్తే మరీ సంబరం. ఇద్దరూ వచ్చేశాక ఇంక ఎదురుచూసేదెవరని స్వయంగా కుర్చీలు లాగి వేసేవారు. కాళ్ళదగ్గరికొచ్చిన గిరాకీని తన్ని పంపే ఈ యవ్వారం చూసి చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు నోళ్ళు నొక్కుకునేవారు. ఆయన తిక్క ఆయనది. ఆ తిక్కతోనే హోటలు కిటకిటలాడిపోయేదంటే ఇప్పటివాళ్ళు నమ్మరు.

తన విషయంలోనూ అదే చట్టం. మధ్యాహ్నం ఎంత రద్దీగా ఉన్నా, వేళ కాగానే గల్లాపెట్టె వంటాయనకి అప్పగించి పీట దిగేవారు. ఇంటికెళ్ళాలి, కనిపెట్టుకుని ఉంటుంది అని తువ్వాలు భుజాన వేసుకుని చరచరా నడిచిపోయేవారు. ఆయన ఎక్కడినుంచో వచ్చి స్థిరపడ్డ మనిషి, ఇల్లు ఊరి చివర. ఆ ఇల్లాలిని చూసినవాళ్ళు లేరు. మేజిస్ట్రేటుకే శిక్ష వేసే జడ్జి ఆవిడ, లేకపోతే ఈ పరుగేమిటని ప్రెస్సువాళ్ళు నవ్వుకునేవారు. అందరికంటే గట్టిగా నవ్వింది కంపోజిటరే.

పెళ్ళికి ముందు అతని రెండు పూటల భోజనమూ ఆ హోటల్లోనే. పెళ్ళయ్యాక ఇంట్లో. ఆ పిల్ల వంట బాగానే చేసేది. ఇతనికే నోటిదురుసు. పేర్చినదాంట్లో తప్పులు దిద్దే ఉద్యోగం కదా, ప్రెస్సులో దిద్దింది చాలక ఇంటికొచ్చి కూరలు దిద్దేవాడు. ఉప్పు ఎక్కువ, పోపు తక్కువ, అన్నం మెత్తన. ఆమె కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు పళ్ళెం ముందు కూర్చుని, వెళ్ళి ఆ హోటలు వంటాయన దగ్గర నేర్చుకురారాదా అన్నాడు. ఆమె గరిటె కింద పెట్టింది.

"అయితే అక్కడే తినండి" అని సంచీ సర్దుకుని పుట్టింటి బస్సెక్కింది.

ఎక్కితే ఎక్కింది, రెండ్రోజుల్లో తనే వస్తుందని బింకంగా మర్నాడు మధ్యాహ్నం హోటలుకి వెళ్ళాడు. గుమ్మంలో ప్రశ్న పడింది. వండలేదంటే ఎందుకు వండలేదంటారు. పుట్టింటికి వెళ్ళిందంటే ఎందుకు వెళ్ళిందంటారు. లోపల బల్లల దగ్గర ప్రెస్సువాళ్ళంతా చెవులు రిక్కించుకుని ఉన్నారు. పరువు పోతుందనే కంగారులో అతని నోట, "ఆ, వండిందండీ" అని వచ్చేసింది.

"మరిక్కడేం చేస్తున్నావయ్యా? నడు ఇంటికి."

అలా తన తీర్పు తనే చెప్పుకుని, తాళం వేసి ఉన్న ఇంటికి నడిచాడు. పొయ్యి వెలిగించడం చేతకాదు. బస్టాండు దగ్గర ఇంకో హోటలుందిగానీ, అందులో కనబడితే సాయంత్రానికల్లా ఊరంతా టముకు. మర్నాడు మళ్ళీ మేజిస్ట్రేటు గారి గుమ్మం దాకా వెళ్ళాడు. నిన్న వండిన మనిషి ఇవాళ లేదని ఎలా చెప్పడం? మళ్ళీ అదే అబద్ధం, మళ్ళీ అదే దారి. టీ నీళ్ళు, బన్ను ముక్కలతో రోజులు గడిచాయి. ఉత్తరం రాసి రమ్మని పిలవడానికి పౌరుషం అడ్డొచ్చింది. పడుకుంటే మాత్రం ఆమె వంటింట్లో గిన్నెలు కదిపే చప్పుడు వినబడినట్టయ్యేది. తను పిలవకపోతే ఆమె ఇక రాదేమోనన్న భయం ఆకలికంటే ముందు కడుపులో దూరింది.

ఒకరోజు పొద్దుటినుంచీ పేర్చిన పేజీని యంత్రం దగ్గరికి మోసుకెళ్తుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. పేజీ చేతుల్లోంచి జారి, అక్షరాలన్నీ నేలమీద చెల్లాచెదురయ్యాయి. కంపోజిటర్‌కి అంతకంటే తలవంపు ఇంకోటి లేదు. ప్రెస్సంతా గొల్లుమంది. ఆ గోల విని వీధి దాటి మేజిస్ట్రేటు గారే వచ్చారు. నేలమీద కూర్చుని అక్షరాలు ఏరుకుంటున్న మనిషి మొహం చూశారు. అందర్నీ బయటికి పొమ్మని, తనూ పక్కన చతికిలబడి విచారణ మొదలెట్టారు. నిన్న ఇంట్లో ఏం కూరని అడిగారు. కంపోజిటర్ బంగాళాదుంపన్నాడు. మొన్న? అదీ బంగాళాదుంపే. అటుమొన్న? ఆకలిమీదున్న మనిషికి ఇంకో కూర పేరు తట్టలేదు.

"ఎప్పుడెళ్ళింది?" అన్నారాయన మెల్లగా.

ఆ గొంతుతో ఆయన మాట్లాడగా అతను అంతకుముందు వినలేదు. దాచుకున్నదంతా బయటపడింది. మేజిస్ట్రేటు గారు తిట్టలేదు. ఇంతకాలం ఆకలితో ఉన్న మనిషిని చేతులారా గుమ్మంలోంచి తరిమానే అని తల పట్టుకున్నారు. తర్వాత అతన్ని రెక్క పట్టుకుని తీసుకెళ్ళి, పళ్ళెం నిండా పెట్టించి, తినేదాకా ఎదురుగా నిలబడ్డారు. అక్కడితో ఆగలేదు. పనిరోజున, పట్టపగలు, హోటలు తలుపులు మూయించి, ఆమె పుట్టింటి ఊరి బస్సెక్కారు.

పొద్దువాలే వేళకి ఆమె సంచీతో ఇంటికి వచ్చింది. వెనకాలే ఆయన. రేపటినుంచి నా గుమ్మం దగ్గర కనబడ్డావో చూడు అని కంపోజిటర్‌కి వేలు చూపించి వెళ్ళిపోయారు. ఆమె పుట్టింట్లో ఆయన బతిమాలలేదట, నచ్చజెప్పలేదట. "మీ ఆయన పస్తులుండి కూడా నువ్వు వండావనే చెబుతున్నాడమ్మా" అని ఒక్క మాట అన్నారట. పౌరుషంతో ఆడిన అబద్ధం ఆయన నోట పడేసరికి ప్రేమైపోయింది. నిజానికి అది ప్రేమ కూడానని కంపోజిటర్‌కి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఇంట్లో ఏ కూరకీ అతను వంక పెట్టలేదు. పెట్టబుద్ధయినప్పుడు మంచినీళ్ళు తాగేవాడు.

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నపు భోజనాలు ఇంకా మొదలుకాకముందే మేజిస్ట్రేటు గారు ఎత్తుపీట మీదే, గోడకి తల ఆనించి, వెళ్ళిపోయారు. నిద్రపోతున్నారనుకుని వంటాయన చాలాసేపు కదపలేదు. తెలిశాక వీధి వీధంతా కదిలింది. అందరికీ ఒకటే బెంగ, వేళకి ఇల్లు చేరకపోతే ఊరుకోని ఆ ఇల్లాలికి ఈ కబురు ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి? ఆ బరువు కంపోజిటర్ మీద పెట్టారు. దారిపొడుగునా మాటలు వెతుక్కుంటూ ఊరి చివరికి వెళ్ళాడు. ఇంటికి తాళం వేసి ఉంది.

తాళంచెవి మేజిస్ట్రేటు గారి జేబులోనే దొరికింది. తెరిచి చూస్తే లోపల ఒక మంచం, ఒక పళ్ళెం, ఒక గ్లాసు. పొయ్యి పక్కన మూతపెట్టిన గిన్నె. మూత తీస్తే పొద్దున వండిన అన్నం. ఆడమనిషి మసలే ఇల్లు కాదది. వెంట వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్విన కంపోజిటర్ ఆ గిన్నెమీద మూత మళ్ళీ పెట్టాడు.

అన్నీ ముగించుకుని కంపోజిటర్ ఇంటికొచ్చి, చూసింది భార్యకి చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. వంటింటి గడపమీద కూర్చుని, తనకి తెలుసంది. ఆనాడు బస్సులో ఆయనే చెప్పారట. అంతకుముందున్న ఊళ్ళో హోటలు పెట్టిన కొత్తలో ఆయన భార్య రోజూ వండి, తినకుండా ఎదురుచూసేదట. జనం తగ్గాక వెళ్దామనుకునేవారట ఈయన. జనం తగ్గేవాళ్ళు కాదు. ఒకరోజు కబురొచ్చి పరిగెత్తేసరికి ఆవిడ ప్రాణాలతో లేదు, మూతపెట్టిన గిన్నె ఉంది. ఆ ఊళ్ళో ఉండలేక ఇక్కడికి వచ్చేశారు.

"మా ఇంటికి భోజనానికి రండి బాబాయిగారూ అన్నాను. ఇప్పుడు రోజూ టైముకి వెళ్తున్నానమ్మా, ఎలా కుదురుతుంది అన్నారు."

కంపోజిటర్ "ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"చెప్తే మీరు ఊరుకుంటారా? జాలిపడి రోజూ చెయ్యిపట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చేవారు. మీరు కాకపోతే ఇంకొకరు. అప్పుడాయనకి ఇంటికెళ్ళే పని ఉండేది కాదు."

మధ్యాహ్నంనుంచీ అన్ని పనులూ తన చేతులతో చేసి, ఒక్క కన్నీటిచుక్క రాల్చనివాడు, అప్పుడు గోడకానుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.