మజ్జిగ అందుకోని అమ్మాయి

దెయ్యం అన్న మాట వింటే నాకు భయం కన్నా ముందు నవ్వొస్తుంది. ఇప్పటికీ అంతే. మా నాయన తిరుపతిలో ఒక గుడి ఆఫీసులో గుమాస్తా. తెల్లవారితే మా ఇంట్లో మడి, పూజ, నైవేద్యం. ఆ ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి దేవుడికి దండం పెట్టుకుంటాను. గాలి సోకిందనో, పోయినవాళ్ళు కనిపించారనో ఎవరైనా చెబితే మాత్రం ‘అప్పుడు వెలుతురు ఉండిందా? అంతకు ముందు ఏం తిన్నారు?’ అని ఆరా తీస్తాను. మా అవ్వ నన్ను లాయరమ్మ అని పిలిచేది.

అందుకే ఇది రాయడానికి ఇంత కాలం పట్టింది. వేరేవాళ్ళు చెబితే నేనే నమ్మను.

అప్పుడు సోషల్ వర్క్ పీజీ, అంటే ఎం.ఎస్.డబ్ల్యూ., చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. మా కోర్సులో చదువు ఎంతో ఫీల్డ్‌వర్క్ అంత. ఏదైనా ప్రభుత్వ శాఖలోనో, స్వచ్ఛంద సంస్థలోనో కొన్ని నెలలు పని చేస్తేనే డిగ్రీ చేతికొస్తుంది. నాకేమో సూళ్లూరుపేట వైపు ఏదైనా ఫ్యాక్టరీలో, ఏసీ గదిలో కూర్చునే పని కావాలని ఉండింది. తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, ఒక ప్రభుత్వాసుపత్రిలో దిక్కులేని రోగుల కోసం పనిచేసే చిన్న సంస్థలో పడ్డాను.

అక్కడ నాకు పని నేర్పింది విజయక్క. సత్యవేడు మనిషి, మెడలో చిన్న సిలువ, ముక్కు మీద కోపం. రోగుల దగ్గరికి పోతే మాత్రం ఆ కోపం ఎక్కడికి పోయేదో తెలియదు.

మాది యాత్రికుల ఊరు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళలో కొందరు బస్టాండులోనో, సత్రం ముందరో పడిపోతారు. పోలీసులు తెచ్చి ఆసుపత్రిలో చేరుస్తారు. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషైతే పేరు తెలియదు, ఊరు తెలియదు. వేలిముద్రలు చూసి కనుక్కోవడానికి పోలీసులకు సమయం పడుతుంది. అంత సమయం రోగికి ఉండకపోవచ్చు.

దానికి విజయక్క ఒక పద్ధతి పెట్టుకుంది. రోగి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, బస్సు కండక్టరులా ఒక దారిలోని ఊళ్ళన్నీ వరుసగా పలకాలి. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి, నాయుడుపేట. కళ్ళు కదిలితే అక్కడ ఆగాలి. కదలకపోతే మళ్ళీ తిరుపతికొచ్చి ఇంకో దారి పట్టాలి.

“పేరన్నా మర్సిపోతాడేమో గాని, దిగాల్సిన స్టాపు మర్సిపోడు మే,” అనేది విజయక్క.

నేను చేరిన కొత్తల్లో ఒక ముసలాయన ఏ స్టాపు దగ్గరా కళ్ళు కదపకుండానే పోయాడు. పోలీసు కాగితాలు అయ్యాక పూడ్చడానికి వెళ్ళాం. గుంట తవ్విన మనిషి, విజయక్క, నేను. మట్టి వేసే ముందు ఏమని పిలవాలో ఆమెకు తోచలేదు. ఊరికే “పోయిరా పెద్దాయనా,” అంది. ఆ రోజు ఇంటికొచ్చి నేను అన్నం ముట్టలేదు. ఎక్కడో ఒక ఇంట్లో ఆయన ఇంకా రాలేదేమని వాకిలి వైపు చూస్తూ ఉంటారు కదా అనే ఆలోచన నన్ను పీక్కుతింది. నా చేతిలో ఉన్నంతవరకు ఇంకొకరు అలా పోకూడదని గట్టిగా అనుకున్నాను.

ఎండాకాలంలో ఇంకొకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, నల్లగా, బక్కగా ఉన్నాడు. అప్పుడే చేయించుకున్న గుండు, దాని మీద ఎండిపోయిన గంధం. మీసం కూడా తీయించేశాడు. జేబులో లడ్డూ, ఒక దువ్వెన. ఫోను లేదు. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. నడిచి వచ్చిన భక్తుడని అందరికీ అర్థమైంది. వార్డులో ఆయాలు గోవిందప్ప అని పిలవసాగారు. పేరు లేనివాళ్ళందరికీ అక్కడ అదే పేరు.

మెదడులో రక్తం గడ్డకట్టిందనీ, ఎక్కువ రోజులు ఉండడనీ, ఆయనవాళ్ళెవరైనా ఉంటే తొందరగా పిలిపించమనీ డాక్టరు చెప్పారు.

మాట పోయింది, కుడి వైపు పూర్తిగా పడిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం కదిలేది. ఆ పక్కన స్టూలు వేసుకుని దారులు మొదలుపెట్టాను. కాళహస్తి దారి అయింది, పుత్తూరు దారి అయింది. ఏమీ లేదు. చిత్తూరు దారి పట్టాను. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు, చిత్తూరు. చిత్తూరు దాటి బెంగళూరు రోడ్డెక్కి ‘బంగారుపాళ్యం’ అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఊరికే వేళ్ళు కదపడం కాదు, నలిగేట్టు పట్టుకున్నాడు. కంటి పక్కనుంచి నీళ్ళు కారి చెవిలోకి పోయాయి. నాకూ ఏడుపు ఆగలేదు.

పరుగెత్తుకుంటూ పోయి విజయక్కతో చెప్పాను. ఆమెకు మరుసటి రోజు కలెక్టరాఫీసులో మీటింగు ఉంది. “ఎల్లుండి పొద్దున్నే పోదాం,” అంది. విద్యార్థులు ఒంటరిగా బయటి ఊళ్ళకు పోకూడదనేది నియమం. నేను ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఎల్లుండి దాకా ఆయన ఉంటాడో లేడో అని రాత్రంతా నాకు నిద్ర లేదు.

మరుసటి రోజు మొత్తం నేను వార్డులోనే ఉన్నాను. ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. మళ్ళీ నా కుడి చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకోబోతే పట్టు ఇంకా బిగించాడు. సరేలే, పోనీ అని అలాగే కూర్చున్నాను. ముందు రాత్రి నిద్ర లేదేమో, మంచం కమ్మీకి తల ఆనించి కునుకు తీశాను. కల కూడా రాలేదు. తర్వాత అందరూ నన్ను అడిగింది అదే కాబట్టి చెబుతున్నాను.

పొద్దు వాలాక నర్సమ్మ తట్టి లేపింది. “డ్యూటీకొచ్చినావా తల్లీ, నిద్రపోయేదానికొచ్చినావా?” అని కోప్పడింది. అప్పటికీ ఆయన నా చెయ్యి వదల్లేదు. మోచేతి దాకా తిమ్మిరెక్కిపోయింది. ఎదురు మంచం దగ్గర భర్తకు కాపలా ఉన్న ఆమె “పాపం, ఆ పాప మద్యానం నుంచీ ఆడనే ఉండాది, కదల్లేదు,” అని నా తరఫున చెప్పింది.

తెల్లారి నేనూ విజయక్కా బంగారుపాళ్యం వెళ్ళి, ఊరి మొదట్లోనే బస్సు దిగాం. మామిడికాయల కాలం. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఊరంతా పండిన మామిడి వాసన. నా ఫోనులో ఆయన ఫోటో తీసుకుని వెళ్ళాను. టీ అంగడిలో చూపించాం, ఆటోవాళ్ళకు చూపించాం, మండీలో హమాలీలకు చూపించాం. పోలీస్ స్టేషన్‌లో అడిగితే మనిషి కనిపించలేదని ఫిర్యాదేమీ లేదన్నారు.

మేము చేసిన పొరపాటు ఏమిటో నాకు అప్పటికి గానీ తట్టలేదు. గుండు, మీసం లేని మొహం, ముక్కులో గొట్టం. తిరుపతిలో రోజూ గుండ్లు చూసే మాకు అది మామూలు మొహం. ఊళ్ళో మనిషిని జుట్టుతో, మీసంతో చూసినవాళ్ళకు అది ఎవరో దారినపోయే భక్తుడి మొహం.

“గుండు జేసుకుంటే అందురూ ఒగటే మాదిరి ఉంటారు గదప్పా,” అన్నాడు టీ అంగడాయన.

మధ్యాహ్నమైంది. ఎండకు తల తిరుగుతోంది. చేసేది లేక రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. నాకు ఆ గుంట, ఆ మట్టి కళ్ళ ముందు కనిపిస్తున్నాయి.

అప్పుడు రోడ్డు అవతలి నుంచి ఒకామె చేతిలో వైరుబుట్టతో గబగబా వచ్చింది. నేరుగా నా దగ్గరికే వచ్చింది.

“ఏం మా, ఇంత పొద్దు జేసినావు? పొద్దున్నుంచీ ఈడనే కనిపెట్టుకోని ఉండాను,” అంది.

నన్ను ఎవరనుకుని మాట్లాడుతోందో అనుకున్నాను. “మేము మీకు తెలుసా అమ్మా?” అన్నాను.

“నిన్న మద్యానం ఇంటికొచ్చి జెప్పి, ఇప్పుడు తెలుసా అంటావేంది? మా ఆయన తిరపతి ఆసుపత్రిలో ఉండాడు, రేపు ఇంకో అక్కను పిల్చుకోని వస్తా, బస్సుకాడికి రా అంటివే.”

విజయక్క నా వైపు చూసింది. నేను విజయక్క వైపు చూశాను.

ఆమె పేరు మునెమ్మ. గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోతుంది. ఆమె చెప్పినదంతా ఇది. నిన్న మధ్యాహ్నం నేను ఆమె వాకిట్లో నిలబడ్డానట. మెడలో ఇదే విద్యార్థి గుర్తింపు కార్డు, చున్నీ ఇలాగే నడుముకు కట్టుకుని. లోపలికి రమ్మంటే రాలేదట. ఎండన పడి వచ్చావు కదా అని మజ్జిగ ఇస్తే అందుకోలేదట.

“కుడి చెయ్యి గట్టింగా మూసుకోనుంటివి. ఏందమ్మా అంటే, చెయ్యి పట్టుకోనుండారు, వదిల్తే నేనుండలేను అంటివి. ఎడం చేత్తో తీసుకోకూడదమ్మా, ఏమీ అనుకోవాకండి అని నువ్వే గదా అన్నెది?”

ఎడమ చేత్తో దేన్నీ అందుకోకూడదని మా ఇంట్లో చిన్నప్పుడే వాతలు పెట్టినంత పని చేశారు. ఎంత దాహమేసినా నేను అందుకోను. ఆ సంగతి బంగారుపాళ్యంలో ఎవరికి తెలుస్తుంది?

విజయక్క తేరుకుని ఫోనులో ఫోటో చూపించింది. మునెమ్మ చాలాసేపు చూసింది. “ఈయన మా ఆయన మాదిరి లేడే,” అంది మెల్లగా. ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె బుట్ట ఎత్తుకుని, “లేకుంటే లేకపోనీ. నాకు ఆపరేషనైనప్పుడు మొక్కుకోని, నా కోసరమే నడ్సుకోని పోయినాడని నువ్వు చెప్పినావు. ఆ మాట మా ఇద్దురికి తప్ప ఎవురికీ తెలీదు. పదండి,” అంది.

ఆ ఆపరేషను సంగతి ఆ నిమిషం దాకా నేను వినలేదు. దేవుడి మీద ఒట్టు.

ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. మునెమ్మ మంచం దగ్గర నిలబడి ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది. బొబ్బలెక్కిన ఆ అరికాళ్ళు తడిమింది. తర్వాత మొహం దగ్గరికి వంగి, “మీసం గూడా ఇచ్చేస్తివా సామీ? నన్నొక మాట అడగొద్దా?” అంది. ఆయన కళ్ళు తెరిచాడు. ఆమెను చూశాడు. నేను చూసినంతవరకు ఆ కళ్ళు మనిషిని గుర్తుపట్టిన కళ్ళే. ఎడమ చెయ్యి లేపబోయాడు, మునెమ్మ అందుకుంది.

విజయక్క కేసు షీటు మీద ‘గుర్తు తెలియని పురుషుడు’ కొట్టేయించి చెంగల్రాయులు అని రాయించింది. మరుసటి ఉదయం ఆయన పోయాడు. భార్య ఒడిలో తల పెట్టుకుని, సొంత పేరుతో పోయాడు. ఊరి నుంచి అన్నదమ్ములొచ్చి తీసుకెళ్ళారు.

పోయేముందు మునెమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. “నువ్వు రాకుంటే నేను ఇల్లు కదిలేదాన్నే గాదు. నడ్సేవాడు, నాలుగు దినాలు ఆలస్యమైందేమోలే అనుకోనుందును,” అంది. వచ్చింది నేను కాదని నోటిదాకా వచ్చింది. విజయక్క వద్దని తలూపింది. చెప్పలేదు.

తర్వాత ఆరా తీయకుండా ఉంటానా, లాయరమ్మను కదా. మా సంస్థలో ఆ నెలలో విద్యార్థిని నేనొక్కదాన్నే. ఆ కార్డు ఇంకెవరి దగ్గరా లేదు. వార్డు నుంచి ఎవరూ అక్కడికి పోలేదు. బంగారుపాళ్యం సంగతి నాకూ విజయక్కకూ తప్ప ఎవరికీ తెలియదు, పైగా ఊరి పేరు తప్ప ఇల్లెక్కడో మాకే తెలియదు. మునెమ్మ పొరుగింటి ఆమె కూడా ఆ అమ్మాయిని చూసిందని తర్వాత ఫోనులో తెలిసింది. విజయక్కను అడిగితే, “ప్రభువుకు తెలుసు, నాకు తెలీదు, వదిలేయ్ మే,” అంది. మా నాయనకు చెబితే గోవిందా అని దండం పెట్టాడు. ఈ రెండు జవాబులూ నాకు సరిపోలేదు. నా దగ్గర మూడోది లేదు.

చదువయ్యాక ఫ్యాక్టరీ ఉద్యోగానికి పోలేదు. అదే సంస్థలో చేరాను. ఇప్పటికీ స్టూలు వేసుకుని, చేతులు పట్టుకుని, ఊళ్ళ పేర్లు చెబుతుంటాను. కొందరు దొరుకుతారు, కొందరు దొరకరు.

పోయిన వారం ఒక ముసలమ్మ ఏ దారిలోనూ కళ్ళు కదపలేదు. వార్డులో ఎవరూ చూడనప్పుడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, మంచం కమ్మీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఇంకెవరైనా చేస్తే నేను నవ్వే పని నేనే చేస్తున్నానని తెలుసు. అయినా ‘ఒక్కసారి పోయి చెప్పిరా, ఈమె ఇల్లెక్కడుందో పోయి చెప్పిరా’ అని నన్ను నేనే బతిమాలుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

ఆమె కోసం ఎవరూ రాలేదు. నిన్న పేరు లేకుండానే పూడ్చాం.